చదరంగం గళ్ళలో ఇరవై అంకెలు: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

"ప్రాజెక్టు" అని పేరు పెట్టింది చిన్ని. మా అక్క కూతురు. తొమ్మిదో తరగతిలోకి వెళ్తోంది, వేసవి సెలవులకు గుంటూరు వచ్చింది. నేను జమాఖర్చులు చూసుకునే మనిషినే గానీ లెక్కల మాస్టారిని కాను. సాయంత్రం ఇద్దరం చదరంగం ఆడుతుంటే పక్క వాటాలో ఉండే తెలుగు మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఆయన రిటైరై పదేళ్ళు దాటింది. నా ఏనుగు పోయే సమయానికి, "ఈ బల్ల మీద గడికి రెట్టింపు చొప్పున గింజలు పోస్తూ పోతే మొత్తం ఎన్నవుతాయో మన తెలుగు పద్యంలో ఉంది, తెలుసా?" అన్నారు.

గింజల కథ తెలియనివాళ్ళు తక్కువ. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో దానిలో నాలుగు, అలా అరవై నాలుగు గళ్ళు. ఆ మొత్తం తెలుగు పద్యంలో ఉందన్న సంగతి మాత్రం నాకు కొత్త. మాస్టారు లోపలికి వెళ్ళి అట్ట ఊడిన నోటుబుక్కు తెచ్చారు. పావులూరి మల్లన పద్యం, 11వ శతాబ్దపు కవిగా చెప్పుకుంటాం. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసినాయన. మాస్టారు రాగం తీసి చదివారు. చంపకమాల. లెక్క ఉన్న భాగం ఇదీ:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

"ఇందులో అంకెలేవీ, మావయ్యా?" అంది చిన్ని. "అన్నీ అంకెలే," అన్నారు మాస్టారు.

అప్పటికప్పుడు నిబంధన పెట్టుకున్నాం. పద్యం లోంచి సంఖ్య బయటికి తీయాలి, అది సరైనదో కాదో తేల్చాలి, తర్వాత ఆ సంఖ్యకు ఒక జాతకం రాయాలి. అది ఏ జాతి సంఖ్య, దేనితో భాగం పోతుంది, దేనితో పోదు, ఇలా. అన్నీ కాగితం, పెన్నుతోనే. చివరి రోజు దాకా కాలిక్యులేటర్ ముట్టకూడదు. జాతకమంతా చార్టు మీదకు ఎక్కించి, చిన్ని వెళ్ళేటప్పుడు చుట్టి ఇవ్వాలి.

రెండో రోజు

పద్ధతి మాస్టారు చెప్పారు. భూతసంఖ్యలంటారట. ఒక్కో మాటా ఒక్కో అంకె. లోకంలో ఏది ఎన్ని ఉంటే దాని పేరు ఆ అంకెకు గుర్తు. చంద్రుడు ఒక్కడే, కాబట్టి శశి, చంద్ర, తుహినాంశు అన్నీ 1. మన్మథుడి బాణాలు ఐదు గనుక శర, సాయక 5. ఒంటికి నవరంధ్రాలు, రంధ్ర 9. ఆకాశం శూన్యం, వియత్తు గానీ గగనం గానీ 0. రాయడం మాత్రం కుడి నుంచి ఎడమకు. 'అంకానాం వామతో గతిః' అంటారట. ముందు చెప్పింది ఒకట్ల స్థానం.

చిన్ని, నేను విడివిడిగా రాసుకుని పోల్చుకున్నాం. నాకు ఇరవై ఒక్క అంకెలు వచ్చాయి, దానికి ఇరవై. ఎవరు తప్పు?

ముందు ఎన్ని అంకెలు రావాలో తెలియాలి. మొత్తం 2⁶⁴ − 1 అని దానికి స్కూల్లోనే తెలుసు. ఏ గడి దగ్గర ఆగినా అప్పటివరకు పోసిన గింజలు తర్వాతి గడి గింజల కంటే ఒకటి తక్కువ: 1 + 2 + 4 = 7, తర్వాతి గడిలో 8. ఇక 2 సంవర్గమానం (10ని ఎంత ఘాతానికి ఎత్తితే 2 వస్తుందో ఆ సంఖ్య) 0.30103. దాన్ని 64తో గుణిస్తే 19.27 దాకా వస్తుంది. అంటే ఇరవై అంకెలు. నేనే తప్పు.

ఎక్కడ? మొదటి పాదం చివర "భూ" ఉంది, రెండో పాదం మొదట "ధర" ఉంది. భూమి ఒకటే కదా అని 1, ధర అన్నా భూమే కదా అని ఇంకో 1 వేశాను. అది "భూధర", కొండ! పాదం విరిగిన చోట మాట కూడా విరిగింది. కులపర్వతాలు ఏడు కాబట్టి 7. పక్కనే ఉన్న "వియన్నగాగ్ని"ని మాత్రం సరిగానే విడగొట్టాను: వియత్ 0, నగ 7, అగ్ని 3. మాస్టారు నవ్వి, "పద్యం చదివేటప్పుడు పాదం దగ్గర ఆగొచ్చు, లెక్క వేసేటప్పుడు ఆగకూడదు" అన్నారు.

దిద్దుకున్నాక ఇద్దరికీ ఒకే సంఖ్య వచ్చింది: 18476747073709551615. ఇద్దరికీ ఒకటే వచ్చిందంటే సరైనదే అనుకుని స్వీట్లు కూడా తిన్నాం.

మూడో రోజు

తొందరపడి తిన్నాం.

జమాఖర్చుల వాడికి ఒక అలవాటు ఉంటుంది. మొత్తం వేశాక తొమ్మిదులు తీసేసి చూడటం. అంకెలన్నీ కూడి, దాన్ని మళ్ళీ కూడి ఒక్క అంకెకు తెస్తే, అసలు సంఖ్యను 9తో భాగిస్తే మిగిలే శేషం తెలుస్తుంది. మాకు వచ్చిన అంకెలు కూడితే 93, అంటే 12, అంటే 3. ఉండాల్సింది ఎంత? 2ను ఆరుసార్లు గుణిస్తే 64, అది 9తో పోతే 1 మిగులుతుంది. కాబట్టి 64 సార్లు గుణించడం అంటే 9 కంటికి నాలుగుసార్లు గుణించినట్టే (64లో ఆర్లు పోగా మిగిలేది 4). 16లో 9 పోతే 7, దానిలో ఒకటి తీస్తే 6. రావాల్సింది 6, వచ్చింది 3. సంఖ్య తప్పు.

ఇద్దరం ఒకే తప్పు చేశాం. మాస్టారి దగ్గరికి వెళ్ళకుండా కనిపెట్టాలని చిన్ని పట్టుదల. ఒక్కో మాటనూ మళ్ళీ పరీక్ష పెట్టాం. వేద 4, అనుమానం లేదు. పద్మజాస్య, బ్రహ్మ ముఖాలు, 4. తర్క 6, షడ్దర్శనాలు. కుంజర 8, అష్టదిగ్గజాలు. షట్క 6 అని పేరులోనే ఉంది. మిగిలినవి అబ్ధి, పయోనిధి. రెండూ సముద్రాలే. సప్తసముద్రాలు అని చిన్నప్పటి నుంచి విని ఉన్నాం కాబట్టి ఇద్దరం 7 వేశాం.

భూతసంఖ్యల్లో సముద్రం అంటే నాలుగట, నాలుగు దిక్కుల సముద్రాలు. మాస్టారు ఖాయం చేశారు. రెండుచోట్లా 7 తీసి 4 పెడితే అంకెల మొత్తం 93 నుంచి 87కి దిగింది. 8 + 7 = 15, అంటే 6. కుదిరింది.

18446744073709551615.

ఈసారి స్వీట్లు తినే ముందు ఇంకో పరీక్ష. 11తో భాగిస్తే ఎంత మిగులుతుందో చూడాలంటే ఒకట్ల స్థానం నుంచి ఒకటి కూడుతూ, ఒకటి తీస్తూ పోవాలి. పద్యం ఎటూ ఒకట్ల నుంచే మొదలవుతుంది కాబట్టి పద్యం చదువుతూ లెక్క వేసుకోవచ్చు! శర కూడు, శశి తీయి, షట్క కూడు, చంద్ర తీయి... చిన్ని తాళం వేస్తూ చేసింది. చివరికి 37. అందులో 33 పోతే 4. అవతలి వైపు: 2ను పదిసార్లు గుణిస్తే 11 దగ్గర మళ్ళీ 1 వస్తుంది, 64లో మిగిలేది నాలుగు సార్లు, 16 − 1 = 15, అందులో 11 పోతే 4. సరిపోయింది.

మూడో పరీక్ష మూడేసి అంకెల గుంపులతో: 615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016. అందులో 1001 పోతే 15. 1001 అంటే 7 × 11 × 13. అంటే మన సంఖ్యను 1001తో భాగిస్తే 15 మిగులుతుంది. 2⁶⁰ ఈ మూడింటి దగ్గరా 1 మిగులుస్తుంది కాబట్టి 2⁶⁴ − 1 కి 16 − 1 = 15 రావాలి. సరిగ్గా అంతే వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. వెయ్యేళ్ళ నాటి పద్యం, చేతిరాత నోటుబుక్కు, అన్నీ దాటుకుని ఒక్క అంకె కూడా జారలేదు.

అయినా చిన్నికి తృప్తి లేదు. "గుణించి చూద్దాం మావయ్యా." సరే. 2¹⁶ = 65536. దాన్ని దానితోనే గుణిస్తే 4294967296, అది 2³². ఇప్పుడు దాని వర్గం. 42949, 67296 అని రెండు ముక్కలు చేశాం. మొదటి ముక్క వర్గం 1844616601. రెండో దాని వర్గం 4528751616. రెండింటి లబ్ధానికి రెట్టింపు 5780591808. స్థానాలు జరిపి కూడితే 18446744073709551616. ఒకటి తీస్తే మల్లన సంఖ్య. రాత్రి పదిన్నర అయింది. ఉన్న స్వీట్లు నిన్ననే అయిపోయాయి.

నాలుగో రోజు

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆఫీసులో మధ్యాహ్నం ఖాళీ దొరికితే నిబంధన మీరి, ఈ సంఖ్యను స్ప్రెడ్‌షీట్‌లో కొట్టాను. ఎంటర్ నొక్కగానే చివరి ఐదు అంకెలు సున్నాలైపోయాయి: 18446744073709500000. పదిహేను అంకెల తర్వాత దానికి గుర్తుండదు. కంప్యూటర్ దశాంశ సంఖ్యను 64 బిట్లలో (బిట్టు అంటే 0 గానీ 1 గానీ పట్టే గది) దాచేటప్పుడు అంకెల కోసం దొరికేది 53 బిట్లే. ఆ పద్ధతిలో 2⁶⁴ కీ 2⁶⁴ − 1 కీ తేడా కూడా ఉండదు, రెండూ ఒకటే అంటుంది. తమాషా ఏమిటంటే, అదే 64 బిట్లను గుర్తు లేని పూర్ణాంకంగా వాడితే అందులో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా మన 18446744073709551615. 64 బిట్లు, 64 గళ్ళు. గడికో బిట్టు, అన్నీ ఒకట్లే. 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో రాస్తే ఇది వరసగా అరవై నాలుగు 1లు. ఎటు నుంచి చదివినా ఒకటే.

ఇంటికొచ్చి చిన్నికి చెబితే, "నువ్వు ఓడిపోయావు, ఐస్‌క్రీమ్" అంది. ఇప్పించాను.

సాయంత్రం బియ్యం. గింజలు పదేసి కుప్పలుగా వెయ్యి లెక్కపెట్టింది. మూల మీద కిరాణా కొట్టు కాటాలో 12 గ్రాములు తూగాయి. మొదటి వరస ఎనిమిది గళ్ళకు 255 గింజలు, గుప్పెడు కూడా కాదు. పదహారు గళ్ళకు 65535, ఎనిమిది వందల గ్రాములకు కాస్త తక్కువ. ఇరవై ఒకటో గడి నిండేసరికి 2097151 గింజలు, అంటే పాతిక కిలోల బస్తా అయిపోయి ఇంకో గుప్పెడు అప్పు. మొత్తానికి? సుమారు 22 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. నాలుగు వందల ఏళ్ళ పంట ఒక్క బల్ల మీదికి.

చార్టు మీద సంఖ్యను మాటల్లో రాశాం. లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక వెయ్యి ఆరు వందల పదిహేను. చెక్కు మీద రాయాలంటే ఎన్ని గీతలు కావాలో!

ఆరో రోజు

నిన్న కరెంటు పోయి ఏమీ చేయలేదు. ఇవాళ కారణాంకాలు.

ఇరవై అంకెల సంఖ్యను ముక్కలు చేయడం అంటే భయపడ్డాం గానీ, ఇది తనంతట తానే విడిపోయే రకం. వర్గాల భేదం సూత్రం చాలు. 2⁶⁴ − 1 అంటే (2³² − 1) × (2³² + 1). అందులో మొదటిది మళ్ళీ (2¹⁶ − 1) × (2¹⁶ + 1). అలా కిందికి దిగుతూ పోతే చివరికి 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఉల్లిపొర తీసినట్టు ఆరు పొరలు.

ఈ ఆరూ ఒక్క కుటుంబం. 2ను తన వర్గం, దాని వర్గం, ఇలా పెంచుతూ ప్రతిచోటా ఒకటి కలిపితే వచ్చేవి. ఫెర్మా సంఖ్యలంటారు. 17వ శతాబ్దంలో ఫెర్మా ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని నమ్మాడు. మొదటి ఐదూ నిజంగా అంతే. ఆరోది 4294967297 దగ్గర ఆయన నమ్మకం వమ్మయింది. 1732లో ఆయిలర్ దాన్ని విరగ్గొట్టాడు: 641తో పోతుంది.

ఆయిలర్ 641 దగ్గరికి ఎలా వచ్చాడు? ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా సరే 64తో భాగిస్తే 1 మిగిలేదే అయ్యుండాలని చూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో దెబ్బకే పడింది. 641తో ఎందుకు పోతుందో చిన్నికి చెప్పడానికి నాకు గంట పట్టింది, ముందు నాకు అర్థం కావాలి కదా. 640 అంటే 5 × 2⁷. అంటే 641తో భాగించే లెక్కలో 5 × 2⁷ ఉన్నచోట −1 వేసుకోవచ్చు. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 5⁴ × 2²⁸ అన్నది 1. మరోవైపు 641 = 625 + 16, అంటే 5⁴ కి బదులు −2⁴ వేసుకోవచ్చు. వేస్తే −2³² అన్నది 1 అయిపోతుంది. అంటే 2³² + 1 సున్నా. శేషం లేదు!

"ఇది మోసంలా ఉంది," అంది చిన్ని. అందుకే 641 × 6700417 చేసి చూసింది. 4294967297. మోసం కాదు.

ఏడో రోజు

ఇప్పుడు జాతకంలో మొదటి వరస:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడూ ప్రధాన సంఖ్యలేనా? చిన్నవాటితో పేచీ లేదు. 65537 పెద్దదే గానీ, దానికి కారణాంకం ఉంటే 256 లోపు ఉండాలి, 64తో భాగిస్తే 1 మిగలాలి. 65, 129, 193 తప్ప వేరే లేవు. వాటిలో ప్రధానం 193 ఒక్కటే. భాగిస్తే 110 మిగిలింది. ఒక్క భాగహారంతో పని అయిపోయింది!

6700417 అంత తేలిగ్గా లొంగలేదు. 2588 దాకా వెతకాలి. మామూలుగా అయితే మూడు వందల పైన ప్రధాన సంఖ్యలతో భాగించాలి, సెలవులు అయిపోతాయి. 1878లో లూకాస్ ఆయిలర్ నిబంధనను ఇంకా బిగించాడు: 64 కాదు, 128తో భాగించినా 1 మిగలాలి. అప్పుడు 2588 లోపు ఇరవై సంఖ్యలు మిగులుతాయి. 129 మూడుతో పోతుంది, 385 ఐదుతో, 1537 అంటే 29 × 53, ఇలా కొట్టేసుకుంటూ పోతే చివరికి నిలిచినవి ఐదే: 257, 641, 769, 1153, 1409. చిన్ని మూడు చేసింది, నేను రెండు. శేషాలు 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. 6700417 ప్రధానమే.

1153 భాగహారం నేను మొదట తప్పు చేశాను. శేషం సున్నా వచ్చేసింది. రెండు నిమిషాల పాటు గుండె దడ. ఆయిలర్ని కూడా ఓడించేశామా అని.

తొమ్మిదో రోజు

ఇక కులగోత్రాలు. చిన్ని ఒక పట్టిక గీసింది, ఎడమ పక్క జాతి పేరు, కుడి పక్క అవును, కాదు.

వర్గమా? కాదు. 5తో ముగిసే వర్గం ఎప్పుడూ 25తోనే ముగుస్తుంది, ఇది 15తో ముగిసింది. అసలు ఏ ప్రధాన సంఖ్యా రెండుసార్లు రాలేదు కాబట్టి 1 తప్ప ఏ వర్గంతోనూ ఇది భాగం పోదు.

రెండు వర్గాల మొత్తమా? కాదు. 3 ఒక్కసారే ఉంది, 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానం బేసిసార్లు ఉంటే కుదరదు. మూడు వర్గాలు? అదీ కుదరదు. చివరి మూడంకెలు 615ని 8తో భాగిస్తే 7 మిగులుతుంది. అలాంటివి మూడు వర్గాలకు లొంగవని లెజాండ్ర్ తేల్చాడు. నాలుగు వర్గాలతో ఏ సంఖ్యనైనా కట్టొచ్చని లగ్రాంజ్ 1770లోనే చూపించాడు కాబట్టి, దీనికి సరిగ్గా నాలుగు కావాలి. గర్వం ఎక్కువ సంఖ్య.

హర్షద సంఖ్యా? ఈ పేరు పెట్టినది మహారాష్ట్రలో దేవలాలి స్కూల్లో పాఠాలు చెప్పిన కాప్రేకర్. అంకెల మొత్తంతో భాగం పోయే సంఖ్య హర్షం ఇస్తుందట. మా మొత్తం 87, అంటే 3 × 29. కారణాంకాల్లో 29 లేదు. కాబట్టి హర్షం లేదు. చిన్నికి ఇది బాగా నచ్చాల్సిన జాతి, నిరాశపడింది.

మిగులా, లోటా? ఇది నా శాఖ. తనను తప్ప తక్కిన భాజకాలన్నీ కూడితే తనకంటే ఎక్కువైతే మిగులు, తక్కువైతే లోటు, సమానమైతే పరిపూర్ణం (6 = 1 + 2 + 3 లాగా). ప్రతి ప్రధానానికీ ఒకటి కలిపి గుణిస్తే భాజకాల మొత్తం వస్తుంది: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418. పూర్తిగా గుణించే ఓపిక లేక నిష్పత్తి చూశాం. 4/3, 6/5 కలిసి 1.6. 18/17తో 1.694. తర్వాతివి చిల్లర. మొత్తం 1.7034 దగ్గర ఆగింది. తనను తీసేస్తే రూపాయికి డెబ్భై పైసలు. లోటు సంఖ్య.

పరిపూర్ణం మాట వచ్చింది కాబట్టి బల్ల మీద ఒకటి చూశాం. ఏ గడి దాకా పోసిన మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో, ఆ మొత్తాన్ని ఆ గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. రెండో గడి: 3 × 2 = 6. మూడో గడి: 7 × 4 = 28. ఐదో గడి: 31 × 16 = 496. బల్ల మొత్తం మీద ఇలాంటి గళ్ళు తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. వాటికి చిన్ని పసుపు రంగు వేసింది. 31వ గడిది ప్రధానమని ఆయిలర్ 1772లో తేల్చాడు. 61వ గడిది 1883లో పెర్వుషిన్ అనే రష్యా పల్లెటూరి చర్చి పురోహితుడు తేల్చాడు. ఆయన దగ్గరా కాలిక్యులేటర్ లేదు.

బహుభుజి సంగతి ఒకటి. స్కేలు, కంపాసుతో 17 భుజాల సమబహుభుజిని గీయొచ్చని గాస్ 1796లో, పంతొమ్మిదేళ్ళు నిండబోతుండగా, కనిపెట్టాడు. బేసి భుజాలతో గీయాలంటే భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి. తెలిసినవి ఐదే: 3, 5, 17, 257, 65537. వాటన్నిటినీ గుణిస్తే 4294967295, ఇప్పటిదాకా తెలిసినంతలో అలా గీయగల అతి పెద్ద బేసి బహుభుజి అదే. అది మన బల్లలో సగం, మొదటి 32 గళ్ళ మొత్తం. పూర్తి బల్ల సంఖ్యతో మాత్రం కుదరదు, 641 అడ్డం. ఆ ఒక్క 641 ఎన్ని ఆటలు చెడగొట్టిందో.

పదో రోజు

త్రిభుజ సంఖ్య అవుతుందా అన్నది చిన్ని ప్రశ్న. 1, 3, 6, 10, పళ్ళ కొట్టులో బత్తాయిలు పేర్చినట్టు వరసకొకటి పెంచుకుంటూ పోతే వచ్చేవి. ఒక సంఖ్య త్రిభుజమో కాదో చూడాలంటే దాన్ని 8తో గుణించి 1 కలపాలి, వర్గం రావాలి. మాది 8తో గుణిస్తే 2⁶⁷ − 8, ఒకటి కలిపితే 2⁶⁷ − 7. అంటే 147573952589676412921. ఇది వర్గమా?

1తో ముగిసింది, ఆశ ఉంది. 3 దగ్గర చూశాం, శేషం 1, ఆశ ఉంది. 5 దగ్గరా 1. ఇక 11. ఒకటి విడిచి ఒకటి కూడితే 57, మిగిలినవి 46, తేడా 11. అంటే 11తో నిశ్శేషంగా పోతుంది. వర్గమే అయితే 11తో ఇంకోసారి కూడా పోవాలి. భాగిస్తే 13415813871788764811. మళ్ళీ ఒకటి విడిచి ఒకటి: 40, 52. తేడా 12. పోదు! వర్గం కాదు, త్రిభుజం కాదు.

ఇంత కష్టపడ్డాక తెలిసింది, ఈ ప్రశ్నను రామానుజన్ 1913లోనే అడిగాడని. 2 ఘాతం నుంచి 7 తీస్తే ఎప్పుడెప్పుడు వర్గం వస్తుంది? ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడు మాత్రమేనా? అవునని నార్వే గణితజ్ఞుడు నాగెల్ 1948లో నిరూపించాడు. మా భాషలో చెప్పాలంటే బల్ల మీద మొదటి, రెండో, నాలుగో, పన్నెండో గళ్ళ దగ్గర మాత్రమే మొత్తం త్రిభుజమవుతుంది: 1, 3, 15, 4095. ఈ నాలుగు గళ్ళకూ చిన్ని ఆకుపచ్చ త్రిభుజాలు గీసింది. రెండో గడిలో పసుపు, ఆకుపచ్చ రెండూ పడ్డాయి.

2⁶⁷ అనగానే ఇంకో మాట. 2⁶⁷ − 1 ప్రధానమనే చాలాకాలం అనుకున్నారు. అది కాదని ముందే తేలినా, కారణాంకాలు ఏవో ఎవరికీ తెలియదు. 1903లో కోల్ అనే ఆయన అమెరికన్ మేథమేటికల్ సొసైటీ సభలో బోర్డు దగ్గరికి వెళ్ళి, నోరు విప్పకుండా 193707721 × 761838257287 గుణించి చూపించి కూర్చున్నాడని చెబుతారు. ఇది విన్నాక చిన్ని రేపటి నుంచి తనూ మాట్లాడకుండానే లెక్కలు చేస్తానంది. అరగంట కూడా ఆగలేదు.

పదమూడో రోజు

చార్టుకు ఒక వైపు నిండింది. వెనక వైపు ఖాళీ. భాజకాలన్నీ రాద్దామంది. ఎన్ని ఉంటాయి? ఏడు ప్రధానాలు, ఒక్కొక్కటి తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. 2⁷ = 128. ఒక్కో భాజకానికీ ఒక జోడీ ఉంటుంది, రెండూ గుణిస్తే మొత్తం సంఖ్య రావాలి. అంటే జోడీలు 64.

చిన్ని పెన్ను కింద పెట్టి నా వంక చూసింది. అరవై నాలుగు జోడీలు, అరవై నాలుగు గళ్ళు. ఏ మాటా అనుకోకుండానే ఇద్దరం స్కేలు తీసి చార్టు వెనక ఎనిమిది ఎనిమిదుల గడులు గీశాం.

పద్దెనిమిదో రోజు

నాలుగు సాయంత్రాలు పట్టింది. జోడీలో చిన్నదాన్ని పైన, పెద్దదాన్ని కింద రాయాలి. గడులు చిన్నదాని వరసలో నింపాలి. 1, 3, 5, 15, 17, 51, 85, 255, మొదటి వరస ఇలా సాఫీగా నడిచింది. రెండో వరసలో 257 తర్వాత వెంటనే 641 దూరింది. అక్కణ్ణుంచి గజిబిజి. 771, 1285, 1923, 3205, 3855, 4369... ఒకదానితో ఒకటి కలిసిపోయి వరస పెట్టడమే పెద్ద పని. ప్రతి పెద్ద సంఖ్యకూ తొమ్మిదుల పరీక్ష. మూడుచోట్ల తప్పులు దొరికాయి, రెండు నావి.

నిన్న రాత్రికి అరవై మూడే వచ్చాయి. ఏది తప్పిపోయిందో వెతకడానికి ఉదయమంతా సరిపోయింది. చివరికి చూస్తే, మొదటి గడిలో 1 రాయడానికి బదులు నేరుగా 3తో మొదలుపెట్టి ఎక్కించుకుంటూ పోయాను. చిత్తు కాగితంలో ఉన్న ఒకటి చార్టులోకి రాలేదు. అన్నీ ఒక్కో గడి ముందుకు జరపాల్సి వచ్చింది. వైట్‌నర్ సీసా ఖాళీ.

మాస్టారు చూడటానికి వచ్చే సమయానికి ఒక్క గడి మిగిలింది, అరవై నాలుగోది. అందులో ఏం పడాలో లెక్క చేయకుండానే తెలుసు. చిన్నవాటిలో పెద్దది, పెద్దవాటిలో చిన్నది, ఆ రెండూ ఒకదానికొకటి అతి దగ్గరగా ఉండేవి. వాటి మధ్య 2³² తప్ప ఇంకో సంఖ్యకు చోటు లేదు. చిన్ని పైన 4294967295 అని రాసింది, కింద 4294967297.

"పైది మొదటి సగం బల్ల గింజలు, మావయ్యా," అంది. "కింద ఉన్నది?" అని మాస్టారు అడిగారు. కాసేపు ఆలోచించి, "సగం బల్ల గింజలూ, ఇంకో రెండూ" అంది. ఆయన లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా లోంచి రెండు గింజలు తెచ్చి ఆ గడి మీద పెట్టారు.